టిక్కెట్టు మహిమ
చట్టంలో చోటు లేని ఒక ఇంగ్లీషు మాట దేశ రాజకీయాలను ఆడిస్తోంది. దాని అసలు రూపం ఓ కాగితం ముక్క

సినిమా హాల్లో టిక్కెట్లు బాగా తెగాయంటే యజమానికి పండగే. అదే ఉత్తరాదిన ఓ ఎమ్మెల్యే టిక్కెట్టు 'తెగింది' అని హిందీలో అన్నారంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పార్టీ ఆయన్ను పక్కన పెట్టిందని అర్థం. తెలుగు పత్రికలు ఆ స్థితికి 'గల్లంతు' అనే మాట వాడతాయి, వరదల్లో పడవ గురించి రాసినట్టే. బస్సులో కండక్టరు టిక్కెట్టు కొడతాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కంప్యూటర్ మొరాయిస్తే టిక్కెట్టు 'రెయిజ్' చేస్తాడు. కానీ ఎన్నికల ఏడాదిలో ఎవరైనా "టిక్కెట్టు ఎవరికట?" అని అడిగితే ఏ టిక్కెట్టని ఎదురు ప్రశ్నించేవారు ఉండరు.

ఈ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. గోడకో సంచికో అతికించే చీటీ అని మొదటి అర్థం. మర్యాదకు వాడే 'ఎటికెట్' కూడా అదే మూలం నుంచి పుట్టింది. టిక్కెట్ల పంపిణీ వేళ పార్టీ ఆఫీసుల్లో విరిగే కుర్చీలను చూస్తే ఆ చుట్టరికం నమ్మబుద్ధి కాదు. రాజకీయార్థం అమెరికాది. 19వ శతాబ్దంలో అక్కడ పార్టీలే తమ అభ్యర్థుల పేర్లు అచ్చేయించి పంచేవి. ఓటరు ఆ కాగితాన్నే పెట్టెలో వేసేవాడు. దాని పేరు టిక్కెట్టు. 1888లో మసాచుసెట్స్ వంటి చోట్ల మొదలుపెట్టి ప్రభుత్వాలే బ్యాలెట్లు ముద్రించడంతో ఆ కాగితం పోయింది, మాట మిగిలింది. అమెరికన్లకు నేటికీ టిక్కెట్టంటే అభ్యర్థుల జట్టు. అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థులిద్దరిదీ ఒకే టిక్కెట్టు. భారతదేశంలో, పాకిస్థాన్‌లో మాత్రం అది ఒక మనిషికి పార్టీ ఇచ్చే వస్తువు. ఇచ్చే వస్తువు కనుక అడగొచ్చు, బతిమాలొచ్చు, కొనొచ్చు. బంగ్లాదేశ్‌లో ఈ బేరాలకు 'నామినేషన్ వ్యాపారం' అనే అర్థంలో ప్రత్యేకంగా ఓ మాటే పుట్టింది.

ఇంతా చేసి, అభ్యర్థిత్వం అనే అర్థంలో టిక్కెట్టు అన్న మాట 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఎక్కడా లేదు. రాజ్యాంగమైతే 1985లో ఫిరాయింపుల నిషేధం తెచ్చేదాకా పార్టీల ఊసే ఎత్తలేదు. చట్టం దృష్టిలో టిక్కెట్టంటే ఎన్నికల గుర్తుల ఉత్తర్వు (1968) చెప్పే రెండు ఫారాలు. ఫలానా నాయకుడికి సంతకం చేసే అధికారం ఉందని పార్టీ తెలియజేసేది ఏ-ఫాం. ఫలానా వ్యక్తే మా అభ్యర్థి అని ఆ నాయకుడు ధ్రువీకరించేది బీ-ఫాం. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా అది రిటర్నింగ్ అధికారికి చేరాలి. సంతకం సిరాతో ఉండాలి, నకళ్లు చెల్లవు. ఆ గడువులోగా పార్టీ మనసు మార్చుకుని మరొకరి పేరిట కొత్త బీ-ఫాం పంపినా నిబంధనలు ఒప్పుకుంటాయి. అందుకే జాబితాలో పేరు వచ్చినవారు కూడా ఫారం చేతికందేదాకా నిద్రపోరు.

తలపండిన ఆశావహులు చేసే పని మరొకటుంది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, ఇతరులకు 10 మంది కావాలి. అందుకని పార్టీ పేరిట ఒక సెట్టు, 10 సంతకాలతో ఇండిపెండెంటుగా మరో సెట్టు దాఖలు చేస్తారు. మొదటిది విధేయత, రెండోది బెదిరింపు.

2023 తెలంగాణ ఎన్నికల్లో రెండు పద్ధతులు పక్కపక్కనే కనిపించాయి. భారత రాష్ట్ర సమితి ఆగస్టు 21న ఒక్క దెబ్బకు 115 స్థానాలకు పేర్లు ప్రకటించింది. కాంగ్రెస్ దరఖాస్తులు పిలిచింది. రుసుము రూ. 50 వేలు, ఎస్సీ ఎస్టీలకు రూ. 25 వేలు. 119 సీట్లకు వెయ్యికి పైగా వచ్చాయి. ఎన్నికల్లో అసెంబ్లీ అభ్యర్థి సర్కారుకు కట్టే డిపాజిట్ రూ. 10 వేలే. అంటే పోటీ చేయడం కన్నా టిక్కెట్టు అడగడమే ఖరీదన్నమాట. పైగా డిపాజిట్‌కు తిరిగొచ్చే అవకాశమైనా ఉంది.

టిక్కెట్టు ఎందుకిచ్చారో, ఎందుకివ్వలేదో చెప్పాల్సిన బాధ్యత పార్టీలకు చాలాకాలం ఏదీ లేదు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొంత బిగించింది. నేర కేసులున్నవారిని ఎంపిక చేస్తే కారణాలు ప్రచురించాలని, గెలుపు గుర్రమన్న ఒక్క మాట సరిపోదని చెప్పింది. ఆ ఏడాది బీహార్ ఎన్నికల్లో దీన్ని సరిగా పాటించనందుకు 2021 ఆగస్టులో 8 పార్టీలకు జరిమానా వేసింది. వాటిలో సీపీఎం, ఎన్సీపీలకు రూ. 5 లక్షల చొప్పున, మిగతా వాటికి రూ. లక్ష చొప్పున. పార్టీల ఎన్నికల ఖర్చు ముందు ఈ మొత్తాలు ఏపాటివి? ఎంపికైన అభ్యర్థిపై కేసుల్లేకపోతే మాత్రం, పక్కన పెట్టిన మనిషి గురించి నేటికీ ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. నిరాకరణకు గురైన మహిళా కార్యకర్తకు అప్పీలు చేసుకునే చోటు లేదు.

జర్మనీలో పార్టీ సభ్యులు రహస్య ఓటుతో అభ్యర్థిని ఎన్నుకోవాలని చట్టమే చెబుతుంది. అమెరికాలో విస్కాన్సిన్ 1903లోనే ప్రాథమిక ఎన్నికల చట్టం చేసింది. భారత్‌లో అలాంటి ప్రయోగం ఒకసారి జరిగింది. 2014 లోక్‌సభ ఎన్నికల ముందు రాహుల్ గాంధీ చొరవతో కాంగ్రెస్ కొద్ది నియోజకవర్గాల్లో కార్యకర్తలతో ఓటు వేయించి అభ్యర్థుల్ని ఎంపిక చేసింది. గుజరాత్‌లోని వడోదర వాటిలో ఒకటి. అక్కడ గెలిచింది నరేంద్ర రావత్. అంతలో ఆ స్థానం నుంచి నరేంద్ర మోడీ పోటీ చేస్తున్నట్టు బీజేపీ ప్రకటించింది. రావత్ తప్పుకున్నారు. టిక్కెట్టు అధిష్ఠానానికి సన్నిహితుడైన సీనియర్ నేత మధుసూదన్ మిస్త్రీకి వెళ్లింది.