చినమౌలానా నాదస్వరంలో మనం వినకుండా వదిలేసింది

షేక్ చినమౌలానా పేరెత్తగానే మన పత్రికల్లోనూ సభల్లోనూ ముందుగా వచ్చే మాట, ముస్లిం అయ్యుండీ గుళ్లో నాదస్వరం వాయించారని. అబద్ధమేమీ కాదు. శ్రీరంగంలో కాపురం పెట్టి, రంగనాథుడి సన్నిధిలో వాయించి, తాను నెలకొల్పిన నాదస్వర పాఠశాలకు శారద పేరు పెట్టుకున్న మనిషి ఆయన. కానీ తలుచుకోవడం అక్కడే మొదలై అక్కడే ముగిస్తే ఆయన జీవితంలోని అసలు విశేషం చేజారిపోతుంది. ఆయన పుట్టిన చోట అదేమంత విడ్డూరం కాదు మరి. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు (ప్రకాశం జిల్లా ఏర్పడలేదు, అప్పటికి అది గుంటూరు జిల్లా). ఆ చుట్టుపక్కల, చిలకలూరిపేట వైపు, తరతరాలుగా సన్నాయి పట్టిన ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. చినమౌలానాది అలాంటి ఇల్లే. గుడిలో సేవ, పెళ్లిలో మేళం వాళ్ల కులవృత్తి లాంటివి. పెళ్లివారికి కావలసింది ముహూర్తం వేళకు వచ్చి శ్రుతి తప్పకుండా వాయించే మేళం. ఆ పని బాగా చేసినవాళ్లకే ఊరు మళ్లీ మళ్లీ తాంబూలం ఇచ్చేది. కాబట్టి గుడి గడప దాటడం ఆయన ఒక్కడి సాహసం అనుకుంటే, ఆయనకు ముందు అదే దారిన నడిచిన పేరు తెలియని విద్వాంసులందరినీ తుడిచేసినట్టే.

మరి ఆయన ఒక్కడే చేసిందేమిటి? ఇంట్లో తండ్రి దగ్గర, ఆపైన చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్న విద్య చేతిలో ఉంది. బతుకుతెరువుకు అది చాలు. అయినా నాదస్వర విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్లై వాదనం మీద మనసుపడి, తంజావూరు బాణీ కోసం తమిళనాడులోని నాచియార్‌కోవిల్ వెళ్లి రాజం, దురైకన్ను సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. ఇందులో కష్టం తెలియాలంటే వాద్యం సంగతి కొంచెం తెలియాలి. నాదస్వరానికి వీణలా మెట్లు లేవు. వేళ్లాడే రంధ్రాలు ఏడే. రంధ్రాన్ని వేలు ఎంతమేర మూసింది, నోట పెట్టుకునే పీకలోకి ఊపిరి ఎంత బలంగా వెళ్లింది అన్నదాన్ని బట్టి స్వరం మారుతుంది. పైగా అది ఊరేగింపులో, మాడవీధుల్లో, డోలు హోరు పక్కన వినబడాల్సిన వాద్యం, గట్టిగా మోగడం దాని స్వభావం. అలాంటిదాన్ని గాత్రంలా మెత్తగా పలికిస్తూ, తొందరపడకుండా ఒక రాగాన్ని మెట్టుమెట్టుగా విప్పుకుంటూ పోవడం తంజావూరు ఆలాపన పద్ధతి. అందుకు పెదవి, ఊపిరి, వేలు మూడూ కొత్తగా అలవాటు పడాలి. చేయి తిరిగిన వాద్యగాడికి ఇది కొత్తవాడికంటే కష్టం, ఎందుకంటే ముందు నేర్చిన అలవాటు ప్రతి గమకం దగ్గరా అడ్డొస్తుంది. తమిళనాడు రసికులు తమ సొత్తుగా భావించే బాణీలో ఒక తెలుగువాడు వాళ్లచేతనే భేష్ అనిపించుకోవడానికి కారణం ఈ రెండో చదువు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది, నాదస్వర విద్వాంసులకు అది అరుదుగా దక్కే గౌరవం.

ముందు చెప్పాల్సింది మతం కాదు, సంగీతం అన్న ఈ మాటకు ఒక అభ్యంతరం ఉంది, తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మతం పేరిట మనుషులు దూరమవుతున్న రోజుల్లో ఇలాంటి జీవితాన్ని సామరస్యానికి గుర్తుగా చూపడంలో తప్పేముంది అంటారు. చూపవచ్చు, చూపాలి కూడా. అయితే ఆ గుర్తుకు బలం ఎక్కడిది? రంగనాథుడి ముందు ఆయన తోడి రాగం సాదాసీదాగా వాయించి ఉంటే ఎవరికి పట్టేది? సంగీతాన్ని వదిలేసి మతాన్ని మాత్రమే చెప్పే వ్యాసం తెలియకుండానే ఆయన్ను మళ్లీ మతంలోకే కుదిస్తోంది. ఆయన తోటి హిందూ విద్వాంసుల గురించి రాసేటప్పుడు మనం బాణీ గురించి మాట్లాడతాం, ఈయన దగ్గరకొచ్చేసరికి పుట్టుక గురించి మాట్లాడతాం. ఈ తేడా మర్యాదగానే కనిపిస్తుంది గానీ, మర్యాద కాదు.

ఇంకొందరు, ఊరు విడిచి తమిళదేశం వెళ్లిపోయిన మనిషి కరవదికి ఏమవుతాడు అంటారు. కానీ నాదస్వరానికి కచేరీ హోదా ఇచ్చి గంటల తరబడి కూర్చుని వినే సభలు, గుళ్లు ఆనాడు అక్కడే ఎక్కువ. మన దగ్గర సన్నాయి పెళ్లి పందిట్లోనే ఆగిపోయింది, ఇప్పుడు డీజే మోతలో అక్కడా వినబడటం లేదు. ఆయన వలసకు జవాబు చెప్పుకోవాల్సింది ఆయన కాదు, మనం. పైగా తెగతెంపులు చేసుకున్నారనడానికీ లేదు. 1999 ఏప్రిల్‌లో ఆయన పోయేనాటికి ఆంధ్ర నుంచి శ్రీరంగం వెళ్లి నేర్చుకున్న శిష్యులున్నారు. వారిలో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. నాదస్వరం మగవాళ్ల వాద్యమనుకునే చోట ఒక ముస్లిం స్త్రీ భర్త పక్కన కూర్చుని సమానంగా వాయిస్తుంటే, అప్పుడూ మన శీర్షికలు మతం దగ్గరే ఆగాయి. ఆ జంట పలికించే గమకంలో చిలకలూరిపేట ఎంత, తంజావూరు ఎంత అని ఇప్పటికైనా ఎవరో ఒకరు చెవి పెట్టి విని రాయాలి. రికార్డింగులున్నాయి, గురువుగారివీ ఉన్నాయి.