మాట్లాడుకుంటే ఓడినట్టా?

దేశాల మధ్య సంభాషణ, శాంతి గురించి జరిగిన బహిరంగ ఉపన్యాసానికి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లాం. తిరుగు దారిలో ఒకడు అడిగాడు: "సార్, పగోళ్లతో మాట్లాడితే మనం ఓడినట్టే కదా?"

హుదైబియా సంగతి చెప్పాం. హిజ్రీ 6లో (క్రీ.శ. 628) ఒప్పంద పత్రంలో 'అల్లాహ్ ప్రవక్త' అన్న మాటకు మక్కా ఖురైషులు అభ్యంతరం చెప్పారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) దాన్ని తీయించి, 'అబ్దుల్లాహ్ కుమారుడు ముహమ్మద్' అని రాయించారు. ఆ ఏడు ఉమ్రా చేయకుండానే వెనుదిరిగారు. అనుచరులకు అది ఓటమిలాగే తోచింది. మరుసటి ఏడే ఉమ్రా చేశారు.

మన ఆలంపూర్ రైతుకూ ఇది తెలిసిన విషయమే. ఆర్డీఎస్ కింద మనవైపు ఆయకట్టు 87,500 ఎకరాలు. ఆనకట్ట కర్ణాటకలో ఉంది. బచావత్ ట్రిబ్యునల్ 15.9 టీఎంసీలు కేటాయించినా, చివరి పొలం తడవాలంటే ఎగువవారితో మాట్లాడక తప్పదు. భారత్, పాకిస్తాన్‌ల మధ్య 1960లో కుదిరిన సింధు జలాల ఒప్పందం 1965, 1971 యుద్ధాలను తట్టుకుంది. 2025లో మాత్రం భారత్ దాన్ని నిలిపి ఉంచింది. ఒప్పందమూ కాలువ లాంటిదే. ఏటా పూడిక తీస్తేనే పారుతుంది.

అందుకే దాతలకు మా మనవి: ఫీజులు, పుస్తకాలతో పాటు, ఇతర మతాల పిల్లలతో మన పిల్లలు కూర్చుని మాట్లాడుకునే ఒక రోజును కూడా ఏటా ఏర్పాటు చేయండి.