బంతిని తోడివాని కందించుట

మా పాలకుర్తిలో బాలురు ఫుట్‌బాలాడుచుండగా చదువు చెడుచున్నదని తల్లులు విసుగుకొందురు. మేమును అట్లే యనుచుంటిమి. ఇంగ్లాండునుండి వచ్చిన యీ యాటలో హైదరాబాదు పోలీసు జట్టు చరిత్రము వినినపిదప మా తలంపు మాఱినది.

ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు ఉపాధ్యాయులుగా పనిచేసినవారు. వారి శిక్షణమున నా జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. 1950లో డ్యూరాండు కప్పును గూడ గైకొనెను. బంతిని తనయొద్ద నుంచుకొనక వెంటనే తోడివాని కందించుటయే వారు నేర్పిన విద్య.

ఆ విద్యతోనే భారతజట్టు ఆసియా క్రీడలయందు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను స్వర్ణపతకము నందెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవదిగా నిలిచెను. జకార్తానాటికే క్యాన్సరువ్యాధిచే పీడితులైన రహీముగారు 1963 జూనులో కీర్తిశేషులైరి. పిమ్మట భారతజట్టు ఆ స్వర్ణమును మరల జూడలేదు.

ఉపాధ్యాయుని యిల్లాలమగుటచే మా కొక్కటి తోచుచున్నది. గురువు గెలిచిన పతకము శిష్యుల మెడలోనే పడును. కావున అమ్మలారా, మట్టికాళ్లతో నింటికి వచ్చిన బిడ్డను కసరక, కాళ్లకు నీళ్లిచ్చి, నేడు బంతి నెవరి కందించితివని యడుగుడు.