ఉత్తరము భద్రమైన పిమ్మటనే రసీదు

మన విద్యార్థులలో పలువురు నేడు కళాశాలలకు దరఖాస్తులను ఈమెయిలు ద్వారా పంపుచున్నారు. దూరదేశములందున్న బిడ్డల క్షేమసమాచారములును తలిదండ్రులకు ఆ మార్గముననే వచ్చుచున్నవి. ఇట్టి ఉత్తరములు త్రోవలో మాయము కాకుండుటకు మెయిలు సర్వరు ఏమి చేయవలెనో యిచ్చట సంగ్రహముగా వివరింపదలచితిమి.

తపాలాకచేరిలో గుమాస్తా కవరు పుచ్చుకొని రసీదు నిచ్చును. రసీదు ఇచ్చినది మొదలు ఆ కవరు భారము కచేరిదే. ఈమెయిలు విషయమునను ఇట్లే. 1982వ సంవత్సరమున జాన్ పోస్టెల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రకటించిన ఎస్.ఎం.టి.పి. నియమముల ప్రకారము, పంపు సర్వరు ఉత్తరమంతయు పంపి, తుదను చుక్క మాత్రమే గల పంక్తి నొకదానిని పంపును. పుచ్చుకొను సర్వరు 250 అను సంఖ్యతో బదులు చెప్పును. అదియే రసీదు. అది అందగానే పంపిన సర్వరు తన వరుసలోని ప్రతిని తీసివేయును. తరువాత యంత్రము చెడి ఆగిపోయినను ఆ కారణమున ఉత్తరము పోరాదని 2008వ సంవత్సరపు సవరించిన నియమములు స్పష్టముగా విధించుచున్నవి.

ఇచ్చటనే చిక్కు గలదు. ఒక ప్రోగ్రాము ఫైలు వ్రాసినంత మాత్రమున అది డిస్కు చేరినట్లు కాదు. పని వేగముగా సాగుటకై ఆపరేటింగ్ సిస్టమ్ దానిని మొదట మెమరీలో నుంచి, పిమ్మట తీరికగా డిస్కునకు చేర్చును. లినక్సు సామాన్యపు అమరికలో ఈ జాప్యము సుమారు 30 సెకనులుండవచ్చును. మెమరీలోనిది కరెంటు పోయిన క్షణముననే నశించును. ఆ నడుమ కరెంటు పోయెనేని రసీదు మిగులును గాని ఉత్తరము మిగులదు. పంపినవాడు చేరినదని నిశ్చింతగా నుండును; అందుకొనవలసినవానికి అట్టి ఉత్తర మొకటి కలదనియే తెలియదు. కావుననే ఈ నష్టము మిక్కిలి చెడ్డది.

దీనికి విరుగుడు ఎఫ్‌సింక్ అను ఆజ్ఞ. మెమరీలోని ఫైలును డిస్కునకు చేర్చి, చేరిన పిమ్మటనే బదులు చెప్పుమని దీని అర్థము. డిస్కులోపలను ఒక చిన్న మెమరీ యుండును. అదియు ఖాళీ కావలెను. ఫైలుతోపాటు దాని పేరు నమోదైన డైరెక్టరీయు డిస్కునకు చేరవలెను. పేరు పోయిన ఫైలు పట్టికలో నెక్కని పుస్తకమువలె దొరకకపోవును.

1990వ దశాబ్దమున డానియెల్ బెర్న్‌స్టయిన్ తన క్యూమెయిల్ అను సర్వరుకొరకు మెయిల్‌డిర్ అను పద్ధతిని కల్పించెను. అందు టెంప్, న్యూ, కర్ అను మూడు అరలు గలవు. ఉత్తరమును మొదట టెంప్‌లో వ్రాసి, ఎఫ్‌సింక్ చేసి, పిదప న్యూ అను అరలోనికి తెత్తురు. ఇట్లు సగము వ్రాసిన ఉత్తరము చదువరి కంటబడదు. చూచిన ఉత్తరములు కర్‌లోనికి పోవును.

భద్రపరచిన పిమ్మట, 250 అని పలుకక మునుపే సర్వరు ఆగిపోయిన నేమగును? పంపిన సర్వరు మరల పంపును. ఒకే ఉత్తరము రెండుమారులు చేరవచ్చును. అది చిన్న విసుగు మాత్రమే. అసలు చేరకపోవుటకంటె నిది యెంతయో మేలు.

ఈ జాగ్రత్తకు వెల కలదు. నిమిషమునకు 7,200 మారులు తిరుగు డిస్కు ఒక్క చుట్టునకే 8 మిల్లీసెకనులకు పైగా తీసికొనును. వేలకొలది ఉత్తరములు వచ్చునపుడు ఈ నిరీక్షణ బరువగును. అందుచే కొందరు నిర్వాహకులు ఎఫ్‌సింక్‌ను మాన్పించి వేగమును సంపాదింతురు. అట్టి వేగము పరుల ఉత్తరములను పణముగా నొడ్డి పొందినదే. పలు ఉత్తరములను ఒక్కసారిగా డిస్కునకు చేర్చి, పిదప అన్నిటికిని రసీదు లిచ్చుట మేలైన యుపాయము. డిస్కే చెడిపోవునెడల ఎఫ్‌సింక్ కాపాడజాలదు. అందులకు వేరొక డిస్కుపై ప్రతి యుండవలెను.

సారాంశ మేమనగా, ముందు భద్రపరచుట, పిదప ఒప్పుకొనుట. ఈ వరుస తప్పిన సర్వరు ఎంత వేగము గలదైనను నమ్మదగినది కాదు.