కొండ మీద రంగుల ఆకులు

2020వ సంవత్సరం గుర్తుందా? కరోనా ఏడు. పెళ్లికి లేదు, పేరంటానికి లేదు. అయినవాళ్ల చావుకు కూడా చాలామంది పోలేకపోయారు.

అమెరికాలోనూ అదే గతి. అక్కడ గ్రేట్ స్మోకీ అనే కొండలున్నాయి. నిండా అడవి. నడవడానికి కాలిబాటలున్నాయి. మార్చి చివర అడవిని మూసేశారు. మే నెలలో తెరిచారు. ఇక జనం కదిలారు. అన్ని రోజులు మూసినా, ఆ ఏడు వచ్చిపోయినవారి లెక్క 1 కోటి 20 లక్షలు దాటింది!

ఎందుకంత మంది? మూసిన గదిలో ఒకరి ఊపిరి ఒకరికి తగులుతుంది. కొండ మీద గాలి బాగా ఆడుతుంది. ఎడంగా నడిస్తే భయం తక్కువ. పైగా అక్టోబరులో ఆ కొండలు పసుపు, కుంకుమ చల్లినట్టు ఉంటాయి. మన పిల్లలు కొందరు ఆ దేశంలో ఉన్నారు కదా, అడిగి చూడండి.

ఆ రంగులు ఎక్కడివి? ఆకుకు పచ్చదనం ఇచ్చేది పత్రహరితం. ఎండ సాయంతో చెట్టుకు తిండి తయారుచేసేది అదే. చలికాలం ముందు పగలు తగ్గుతుంది. చెట్టు పత్రహరితం చేయడం మానేస్తుంది. పచ్చదనం పోతుంది. దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు సంగతి వేరు. అది ఆకులో మిగిలిన చక్కెరతో కొత్తగా పుడుతుంది. పగలు ఎండ, రాత్రి చలి ఉంటే ఎరుపు బాగా తేలుతుంది.

తర్వాత ఆకు రాలిపోతుంది. చలికి వేళ్లకు నీరు సరిగా అందదు. ఆకులుంటే నీళ్ల ఖర్చు. అందుకే చెట్టు వాటిని వదిలేస్తుంది. మన టేకు, మోదుగ ఎండలకు ఆకు రాల్చేదీ నీళ్ల కోసమే.

మన వీధి బాదం చెట్టు ఆకు కూడా రాలే ముందు ఎర్రబడుతుంది. ఒకటి ఏరి చూడండి. ఒక్కోసారి ఈనెల పక్కన ఇంకా పచ్చ కనిపిస్తుంది.