గ్యారంటీ ఒకరిది, భారం ఇంకొకరిది

నేను పనిచేసే బిలాస్‌పూర్‌లో రైల్వే కాలనీ వైపు వెళ్తే శ్రీకాకుళం, విజయనగరం యాస వినిపిస్తుంది. మా బ్రాంచికి వచ్చే రైల్వే పెన్షనర్లలో పెద్దవాళ్లు కొందరు ఇప్పటికీ 'బీఎన్నార్' అనే అంటారు. అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. లండన్‌లో పుట్టిన ఆ కంపెనీ కథ బ్యాంకు కుటుంబాలకు ఇట్టే అర్థమవుతుంది, ఎందుకంటే అది గ్యారంటీ కథ.

దాని మూలం ఈస్టిండియా కంపెనీలో ఉంది. 1600లో రాణి ఇచ్చిన చార్టరుతో ఏర్పడి, 1611లో మచిలీపట్నం చేరిన వర్తక కంపెనీ అది. 1833 చట్టంతో వ్యాపారం మానేసి పాలన మాత్రమే చూసింది. 1849లో రెండు రైల్వే కంపెనీలతో ఒప్పందం చేసుకుంది: భూమి ఉచితం, పెట్టుబడిపై 5 శాతం వడ్డీకి గ్యారంటీ.

లండన్‌లో ఒకాయన 100 పౌన్లు పెట్టాడనుకోండి. ఆ ఏడు రైలు అతని వాటాకు 2 పౌన్లే సంపాదిస్తే, మిగతా 3 పౌన్లు ఇక్కడి ఖజానా కట్టాలి. అంటే మన రైతు శిస్తు.

మనం బ్యాంకు గ్యారంటీ ఇచ్చేటప్పుడు మార్జిన్ అడుగుతాం, సెక్యూరిటీ చూస్తాం, కమీషన్ తీసుకుంటాం. పార్టీ మాట తప్పితే కట్టేది మనమే కదా! అక్కడ హామీ ఇచ్చినవారు ఒకరు, కట్టినవారు మరొకరు. అందుకే ఖర్చు తగ్గించాలన్న పట్టింపు కంపెనీలకు లేకపోయింది.

1858లో ఈస్టిండియా కంపెనీ పాలన పోయినా గ్యారంటీ పద్ధతి పోలేదు. 1887లో ఏర్పడిన బీఎన్నార్‌కూ ప్రభుత్వ హామీ దక్కింది. నాగ్‌పూర్–ఛత్తీస్‌గఢ్ మీటర్‌గేజి లైను తీసుకుని, బ్రాడ్‌గేజిగా మార్చి, బిలాస్‌పూర్ మీదుగా 1891 నాటికి ఆసన్‌సోల్ వరకు కలిపింది. వాల్తేరు దాకా కూడా దాని రైళ్లే నడిచాయి. 1931లో విజయనగరం–రాయపూర్ లైను పూర్తయింది. ఆ దారుల వెంటే ఉత్తరాంధ్ర కుటుంబాలు కొలువులకు వచ్చాయి.

వాటాదారుకు హామీ ఉంది గానీ, గ్యాంగ్‌మన్ కూలీకి లేదు. అందుకు సంఘం కట్టాల్సి వచ్చింది. బరంపురంలో పుట్టిన మన వి.వి.గిరి 1920లలో బీఎన్నార్ కార్మికులకు నాయకత్వం వహించారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు.

1944లో ప్రభుత్వం బీఎన్నార్‌ను స్వాధీనం చేసుకుంది. నేడు బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం.

ఇంట్లో ఎవరైనా స్నేహితుడి అప్పుకు హామీ సంతకం అడిగితే ఈ కథ చెప్పండి. లాభం ఎవరికి, తేడా వస్తే కట్టేదెవరు? ఈ రెండూ తేలాకే కలం తీయాలి.