నున్నగా ఉంటే నలుపు.. గరుకుగా ఉంటే తెలుపు! సముద్రంపై గాలిని ఉపగ్రహం చదివేది ఇలా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కైలాసగిరిపై ఉన్న డాప్లర్ రాడారే గాలులకు దెబ్బతింది. ఆ ఏడాది ఇంకో లోటు కూడా ఉంది, అది చాలామందికి తెలియదు. సముద్రంపై గాలిని కొలిచే ఇస్రో పరికరం, ఓషన్‌శాట్-2లోని స్కాటెరోమీటర్, అంతకు ఎనిమిది నెలల ముందు ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. దాని స్థానంలో స్కాట్‌శాట్-1 నింగికెక్కింది 2016 సెప్టెంబరు 26న. ఈ మధ్యకాలంలో యూరప్ ఉపగ్రహాల్లోని ఆస్కాట్ లాంటి పరికరాలే దిక్కయ్యాయి.

ఇంతకీ 720 కిలోమీటర్ల ఎత్తు నుంచి గాలి ఎలా కనిపిస్తుంది? కనిపించదు. గాలికి నీళ్లు ఎంత గరుకెక్కాయో మాత్రమే ఉపగ్రహం చూస్తుంది.

రాత్రిపూట బండి నడిపేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. పొడి రోడ్డుపై హెడ్‌లైట్ వెలుగు నాలుగువైపులా చెదిరి, కొంత మన కళ్లకు తిరిగొస్తుంది. వానకు తడిసిన రోడ్డు అద్దంలా మారి వెలుగును ముందుకే తోసేస్తుంది. అందుకే రోడ్డు నల్లగా ఉంటుంది. రాడార్ తరంగాలదీ ఇదే తీరు. విశాఖ జిల్లా పద్మనాభం మండలంలో నాట్ల కోసం నీళ్లు పెట్టిన వరి మడి రాడార్ చిత్రంలో నల్లగా పడుతుంది. పైరు ఎదిగేకొద్దీ అదే మడి తెల్లబడుతుంది. మబ్బు పట్టినా, రాత్రయినా తేడా ఉండదు.

భీమిలి దగ్గర గోస్తనీ నది కలిసే సముద్రంలో లెక్క కాస్త వేరు. అక్కడ పనిచేసేది పెద్ద కెరటాలు కాదు, వాటిపై గాలికి లేచే సన్నటి ముడతలు. ఓషన్‌శాట్-2 పరికరం వాడిన తరంగం పొడవు సుమారు 2.2 సెంటీమీటర్లు. ఆ తరంగం ఏటవాలుగా తగిలినప్పుడు, దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల ఎడంలో ఉన్న ముడతల నుంచి వచ్చే ప్రతిధ్వనులు ఒకదానికొకటి తోడై బలపడతాయి. దీన్నే బ్రాగ్ స్కాటరింగ్ అంటారు.

ఎంత సిగ్నల్ తిరిగొస్తే ఎంత గాలి? ఇక్కడే మోడల్ అవసరం పడుతుంది. సముద్రంలో తేలే బోయలు కొలిచిన గాలిని, వాతావరణ మోడళ్ల గాలిని ఉపగ్రహ సిగ్నల్‌తో పోల్చి ఒక లెక్క తయారు చేశారు. గాలికి ఎదురుగా చూస్తే సిగ్నల్ ఎక్కువ, అడ్డంగా చూస్తే తక్కువ. అందుకే ఒకే చోటును వేర్వేరు కోణాల్లో చూసి దిశ కూడా పట్టేస్తారు.

చిక్కల్లా తుపానులోనే! కుండపోత వాన నీటి ఉపరితలాన్ని తానే గరుకు చేస్తుంది, పైగా సిగ్నల్‌ను మింగేస్తుంది. గాలి గంటకు 100 కిలోమీటర్లు దాటాక నురగ కమ్మేసి, సిగ్నల్ పెరగడం మందగిస్తుంది. అంటే వేటకు వెళ్లిన మత్స్యకారుడికి కచ్చితమైన అంకె కావాల్సిన వేళే మోడల్ తడబడుతుంది. అందుకే సూచనలకు దీనొక్కదాన్నే నమ్ముకోరు.

ధ్రువాల దగ్గర మరో చిక్కు ఉంది. కొత్తగా గడ్డకట్టిన నున్నటి మంచు ప్రశాంతమైన నీళ్లలా నల్లగా ఉంటుంది. ఏళ్లనాటి మంచులో ఉప్పు కారిపోయి గాలి బుడగలు మిగులుతాయి. తరంగాలు లోపలికి దూరి, బుడగలకు తగిలి చెదరడంతో అది తెల్లగా మెరుస్తుంది. దాన్ని అలల సముద్రమని పొరబడితే మోడల్ లేని గాలిని చూపిస్తుంది! తేడా పట్టే మార్గం ఉంది. సముద్రం చూసే దిశను బట్టి మారుతుంది, మంచు పెద్దగా మారదు.

తరంగం పొడవు మారితే గరుకుతనానికి అర్థమే మారిపోతుంది. 2 సెంటీమీటర్ల తరంగానికి గరుకుగా తోచిన నేల 24 సెంటీమీటర్ల తరంగానికి నున్నగా తోచొచ్చు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహంలో అందుకే రెండు రాడార్లు పెట్టారు. నాసాది 24 సెంటీమీటర్ల తరంగం, ఇస్రోది 9 సెంటీమీటర్లది. ఇస్రో రాడార్ తొలి చిత్రం ఆగస్టు 19న తీసింది ఎక్కడో కాదు, మన గోదావరి డెల్టానే. మడ అడవులు, పొలాలు, చేపల చెరువులు దేనికది విడిగా కనిపించాయి.